మోపు దించాక తియ్యొచ్చు కదండీ

కనుమ నాడు కోనసీమలో, జగ్గన్నతోటలో ఆరు వందల పైచిలుకు ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి చూసుకుంటే వాటిలో ప్రభల కన్నా సెల్‌ఫోన్లు పైకెత్తి పట్టుకున్న చేతులే ఎక్కువ. పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు ప్రభలెక్కి, అంటే వెదురుతో ఎత్తుగా కట్టి రంగుబట్టలు చుట్టిన వాహనాలెక్కి వచ్చి ఒక కొబ్బరితోటలో కలుసుకునే తీర్థం అది. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభల్ని జనం భుజాల మీద మోస్తూ కౌశిక కాలువలో దిగి, నీళ్లలో నడిచి అవతలి ఒడ్డుకి చేరుస్తారు. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్రం శకటంగా ఈ తీర్థాన్నే చూపించారు. ఇప్పుడు ప్రభ కాలువ దాటే చోట కెమెరా పెట్టాలంటే ముందే వెళ్లి తువ్వాలు వేసుకోవాలి, బస్సులో సీటుకి వేసినట్టు. ఆ తోపులాటలో నేనూ ఒకణ్ని కాబట్టి దాని గురించి సణిగే హక్కు నాకు లేదు.

నేను చెప్పాలనుకున్నది ఆ మర్నాటి సంగతి.

ముక్కనుమ. ఇంట్లో అందరూ ముసుగుతన్ని పడుకున్నారు. మూడు రోజుల గారెలు, నాటుకోడి కడుపులో కదుల్తుంటే నాకు నిద్ర పట్టక, బావమరిది బండి తీసుకుని ఏటిగట్టు మీదకి పోయాను. మాది రాజోలు వైపు. ఆ రోజుల్లో దాళ్వా (రెండో పంట) ఊడ్పులకి మళ్లల్లో నీళ్లు పెట్టి ఉంటారు. ఒక పక్క కాలువ, ఒక పక్క గోదావరి పాయ వైనతేయ, పైన చలి. ఇన్ని నీళ్ల మీద రాత్రంతా చలి పడితే తెల్లారేసరికి గట్టు కనపడదు, గట్టు మీద మనిషీ కనపడడు. సూర్యుడు కొబ్బరి మొవ్వుల వెనక నుంచి పైకొచ్చాక ఒక ఇరవై నిమిషాలు ఆ మంచు బంగారం రంగుకి తిరుగుతుంది. హైదరాబాదు నుంచి కెమెరా మోసుకొచ్చేది ఆ ఇరవై నిమిషాల కోసమే.

అప్పుడే మంచులోంచి ఒక మనిషి వస్తున్నట్టు కనిపించింది. నెత్తిన పచ్చగడ్డి మోపు. మోపు అంచుల చుట్టూ వెలుగు. చెట్లు వరసగా వెనక్కి పోయి పొగలో కలిసిపోతున్నాయి. కోనసీమ క్యాలెండరు మీద వేసే బొమ్మ అది, నాకు తెలుసు. అయినా వేలు ఆగదు కదా. తాటిచెట్టు పక్కన నక్కి, బటన్ నొక్కి పట్టుకున్నాను.

దగ్గరకొచ్చాక తెలిసింది, అరవై దాటిన మనిషి. నా ముందుకొచ్చి ఆగింది.

"ఎన్ని తీసారండి?"

"ఒకటో రెండో అమ్మా," అన్నాను. పద్నాలుగు.

"నన్నా, చెట్లనా?"

దీనికి సమాధానం నాకు వెంటనే తట్టలేదు. ఇప్పటికీ పూర్తిగా తట్టిందని చెప్పలేను. "మిమ్మల్నే" అంటే తప్పు ఒప్పుకున్నట్టు, "చెట్లని" అంటే అబద్ధం, పైగా అవమానం. నేను నీళ్లు నములుతుంటే ఆవిడే అంది: "మోపు దించాక తియ్యొచ్చు కదండీ. మోపు నెత్తినెట్టుకుని ఎవరన్నా ఫోటో దిగుతారేంటండి?"

కోపంగా అనలేదు. పని తెలియని కుర్రాడికి పని చెప్పినట్టు అంది. మోపు గట్టు మీద పడేసి, కొంగుతో మొహం తుడుచుకుని, ఏదీ చూపించమంది. కెమెరా వెనక తెర మీద చూపించాను. నా లెక్కలో ఆ ఏడాదికే మంచి ఫోటో అది. ఆవిడ కళ్లు చికిలించి చాలాసేపు చూసింది.

"ఇందులో నేనెక్కడున్నానండి?"

నల్లటి ఆకారాన్ని వేలితో చూపించాను. వెలుతురు వెనక నుంచి వస్తే మొహం చీకటైపోతుందని, అలా తీయడం ఒక పద్ధతని చెప్పబోయాను. "మొహం లేకపోతే అది మోపు ఫోటో అవుద్ది గానండి నాదెలా అవుద్ది?" అంది. తర్వాత తెర మీద ఎడమ పక్క వెతికింది. "చెరువేదండి? మా అల్లుడు చూసుకుంటాడది. ఇక్కడే కదా ఉంది, రాలేదేంటి?"

గట్టుకి ఎడమ వైపు నిజంగానే వనామీ రొయ్యల చెరువు ఉంది. ఏరియేటర్లు గిరగిరా తిరుగుతున్నాయి, కరెంటు స్తంభం ఉంది, మేత బస్తాల ఖాళీ సంచులు ఉన్నాయి. రాలేదంటే నేనే రానివ్వలేదు. అవి పడకుండా నిలబడడానికే తాటిచెట్టు పక్కకి వెళ్లాను.

ఇక్కడ ఫోటోలు తీసేవాళ్ల మతం గురించి కాస్త చెప్పాలి. మనిషికి తెలియకుండా తీసిన ఫోటోనే నిజమైన ఫోటో అని మాకు గట్టి నమ్మకం. దాన్ని క్యాండిడ్ అంటాం. కెమెరాని చూసిన మొహం పాడైపోయిన మొహం. "పోజు" అన్న మాటని మేం తిట్టులా వాడతాం. ఈ మతానికి పెద్ద గురువు ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ హెన్రీ కార్టియే-బ్రెసాన్. 1952లో వచ్చిన ఆయన పుస్తకానికి ఇంగ్లీషులో 'ది డెసిసివ్ మూమెంట్' అని పేరు పెట్టారు. ఆ మాటనే అందరం జపం చేస్తాం. అసలు ఫ్రెంచి పేరు వేరు: 'ఇమాజ్ ఆ లా సోవెత్'. లైసెన్సు లేకుండా రోడ్డు పక్కన గుడ్డ పరిచి సరుకు అమ్ముకుంటూ, పోలీసు కనపడితే మూటగట్టుకుని పారిపోయేవాళ్ల అమ్మకాన్ని ఫ్రెంచివాళ్లు 'ఆ లా సోవెత్' అంటారు. హడావిడిగా, చాటుమాటుగా లాగేసిన బొమ్మలన్నమాట. ఆ పుస్తకం వచ్చిన ఏడాదికి మా పక్కనున్న యానాం ఇంకా ఫ్రెంచివాళ్ల కిందే ఉంది. అక్కడి బడిలో ఫ్రెంచి నేర్చుకున్న పిల్లవాడికైనా ఆ పేరులో ఉన్న చాటుతనం అర్థమయ్యేది. మిగిలిన మనకి ఇంగ్లీషు పేరే చేరింది. క్షణం గొప్పతనం చేరింది, మూటగట్టుకుని పారిపోయే సంగతి దారిలో ఎక్కడో జారిపోయింది.

ఆయన ఫోటోలు గొప్పవి కావని అనడం లేదు. అంత తెలివితక్కువ మాట అననూ. నాకు చిక్కల్లా, తెలియకుండా తీసింది కాబట్టి నిజం అనే వాదనతోనే. తెలియనిది ఎవరికి? ఆవిడకి. నాకన్నీ తెలుసు. ఎక్కడ నిలబడితే చెరువు పడదో తెలుసు, ఎంత వెలుగు తగ్గిస్తే మొహం నలుపైపోతుందో తెలుసు, ఇంటికెళ్లాక కరెంటు తీగని ఎలా చెరపాలో కూడా తెలుసు. అందులో నటించింది నేను. నిజం అనిపించుకునే బాధ్యత మాత్రం ఆవిడ మీద పెట్టాను.

ఆ మాటలు జరిగినంతసేపూ ఆవిడ నన్ను మీరు అంటోంది. నేను "అమ్మా" అని మొదలుపెట్టి, క్రియ దగ్గరకొచ్చేసరికి రెండుసార్లు "చూడు", "ఆగు" అన్నాను. నా కన్నా ఇరవై ఏళ్లు పెద్దావిడ. చేతిలో కెమెరా, కింద బండి, మాటలో పట్నం యాస ఉన్నవాడికి ఆవిడ మీరు, గడ్డిమోపు ఎత్తినావిడకి నేను నువ్వు. అడక్కుండా ఫోటో తీసే ధైర్యం నాకెక్కణ్నుంచి వచ్చిందని వెతికితే, ఆ రెండు మాటల మధ్య తేడాలోంచే వచ్చింది. జూబ్లీహిల్స్‌లో పొద్దున్నే నడకకొచ్చిన ఏ పెద్దమనిషినీ నేను చెట్టు చాటు నుంచి పద్నాలుగు ఫోటోలు తీయలేదు. తీయను కూడా.

"ఉండండి, మోపు పడేసొస్తాను," అని వెళ్లిపోయింది.

మర్చిపోతుందిలే అనుకున్నాను. మర్చిపోతే బాగుణ్ననీ అనుకున్నాను, ఎందుకంటే వెలుగు పోతోంది. ఏడున్నరయింది, మంచు విడిపోయింది, ఎండ తెల్లబడింది. నా భాషలో ఇక ఫోటోలు తీసే వేళ కాదు. ముప్పావు గంట తర్వాత ఆవిడ వచ్చింది. పండక్కి కూతురు పెట్టిన చీర, ఇంకా మడతలు పోలేదు. తలకి నూనె రాసి దువ్వుకుంది. వెనకాల పదో తరగతి మనవడు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ మోసుకొస్తున్నాడు, ఎవరైనా చూస్తారేమోనని అటూ ఇటూ చూసుకుంటూ.

నేను నీడలో కూర్చోబెడదామన్నాను. నీడలో వెలుగు మెత్తగా ఉంటుంది, ముడతలు తేలవు. ఆవిడ కుర్చీని ఎండలోకి లాగించింది. మొహం తెల్లంగా కనపడాలి కదా అంది. కూర్చుని, పాదాలు రెండూ దగ్గర పెట్టుకుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, లెన్సులోకి సూటిగా చూసింది. ఊపిరి బిగబట్టింది.

"కాస్త నవ్వండి," అన్నాను.

"ఎందుకండి?"

నిజమే, ఎందుకు? నేను తీసి చూపించాను. ఇంకోటి తియ్యమంది, కొంగు సర్దుకుని. మూడు తీశాక బాగుందంది.

తెలుగులో ఫోటోకి రెండు క్రియలున్నాయి. ఫోటో తీయడం, ఫోటో దిగడం. తీసేది కెమెరా ఉన్నవాడు. దిగేది కెమెరా ముందున్న మనిషి. ఈ రెండో మాటని నేను ఇన్నేళ్లూ వాడుతూనే పట్టించుకోలేదు. ఏట్లో దిగుతాం, చేలో దిగుతాం, పందెంలో దిగుతాం. దిగడం మనంతట మనం, కాస్త సిద్ధపడి, చీర ఎగదోపుకునో పంచె బిగించుకునో చేసే పని. ఒకరు మనల్ని చేసేది కాదు. స్టూడియోలో కూర్చున్న తాతయ్య కూడా ఫోటో దిగాడు అనే అంటాం. అంటే మన భాష లెక్క ప్రకారం ఫోటోకి ఇద్దరు కర్తలు. క్యాండిడ్ అనే పద్ధతి ఆ ఇద్దరిలో ఒకర్ని తీసేసింది. గట్టు మీద నేను తీసిన పద్నాలుగింటిలో ఆవిడ దిగినది ఒక్కటీ లేదు.

ఈ మాట నా ఫోటో స్నేహితుల దగ్గర అంటే రెండు జవాబులొచ్చాయి. మొదటిది, అలాగైతే వార్తల ఫోటోలు ఎలా తీస్తారు? 2022 జులైలో గోదావరి పొంగి లంకలన్నీ మునిగాయి. పీకల్లోతు నీళ్లలో గేదెని తోలుకొస్తున్న మనిషిని ఆపి, చీర మార్చుకురా అనాలా? అనక్కర్లేదు. ఆ ఫోటో ప్రభుత్వానికి చూపించడానికి, పడవ పంపించడానికి. అందులో మనిషికీ ఒక పని జరుగుతుంది. ముక్కనుమ నాడు నేను తీసిన దాంతో ఆవిడకి ఏం జరుగుతుంది? ఏమీ లేదు. నాకే జరుగుతుంది.

రెండోది కాస్త గట్టిది. పోనీ అడిగి తీస్తే సరిపోతుంది కదా, ఇంత గోలెందుకు అని. అడిగితే సరిపోతుందని నాకూ అనిపించేది. అయితే మా కోనసీమలో ఫోటో గురించి అందరికీ తెలిసిన కథ ఒకటుంది. డొక్కా సీతమ్మగారిది (1841–1909). లంకల గన్నవరంలో కులం చూడకుండా, వేళ చూడకుండా వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టిన ఇల్లాలు. వైనతేయ మీదున్న పి.గన్నవరం అక్విడెక్టుకి (ఏటి మీదుగా కాలువని దాటించే వంతెనకి) ఆవిడ పేరే, బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ 2024 నుంచి ఆవిడ పేరే. ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేక ఉత్సవాలకి ఆవిడ రానంటే కనీసం ఫోటో అయినా పంపమని కబురొచ్చిందని చెప్పుకుంటారు. ఆవిడ ఫోటో కూడా వద్దన్నారట. ఫోటో పంపకపోతే తన ఉద్యోగం పోతుందని కలెక్టరు బతిమాలితే, ఒక మనిషి కూడు పోతుందే అని ఒప్పుకున్నారట.

చిన్నప్పుడు ఈ కథ ఆవిడ వినయానికి గుర్తుగా చెప్పేవాళ్లు. ఇప్పుడు నాకు వేరేలా వినపడుతోంది. అడిగారు, నిజమే. అడిగినవాడు కలెక్టరు, అడిగించినవాడు చక్రవర్తి. కాదనడానికి సందేది? అడగడం మర్యాదే గాని, అడిగేవాడి ఎత్తు దాని వెంటే వస్తుంది. "ఒక ఫోటో తీసుకోనా అమ్మా" అని నేను గట్టు మీద ముందే అడిగి ఉంటే, మోపుతో అలాగే నిలబడి "తీసుకోండి బాబూ" అనేది, మెడ నొప్పెడుతున్నా సరే. నేను అనుమతి తీసుకున్నానని తృప్తిగా ఇంటికెళ్లేవాణ్ని. అంచేత తేడా అడగడంలో లేదు. మోపు ఎప్పుడు దించాలి, ఏ చీర కట్టాలి, ఎక్కడ కూర్చోవాలి, నవ్వాలా వద్దా అన్నవి ఎవరు తేల్చారన్నదే తేడా.

పోజు నటన కదా అంటారు. నటనే. ఇంటికి చుట్టాలొస్తే చొక్కా తొడుక్కోవడం ఏంటి మరి?

ఆవిడ అంత పట్టుగా ఫోటో దిగడానికి కారణం తర్వాత తెలిసింది, వాళ్లింటికి వెళ్లినప్పుడు. గోడ మీద భర్త ఫోటో ఉంది. కొబ్బరి దింపు తీసేవాడట. ఎన్ని వేల చెట్లెక్కాడో, చేతుల్లో సెల్‌ఫోన్లున్న ఎంతమంది తోటల్లో ఎక్కాడో గాని ఆయన్ని ఒక్కడంటే ఒక్కడు ఫోటో తీయలేదు, తీసినా ఆయనకివ్వలేదు. పోయాక పింఛను కార్డు మీది బొమ్మని పెద్దది చేయించి ఫ్రేము కట్టించారు. పెద్దది చేసేసరికి కళ్లు రెండూ సిరా మరకల్లా అలికిపోయాయి. భుజం మీద ఆఫీసు ముద్ర సగం అలాగే ఉండిపోయింది. దానికే దండ.

"ఆయనదిలా అయిందండి. నాదన్నా ముందే తీయించుకోవాలని ఉంది," అంది. విచారంగా కాదు, బియ్యం తెప్పించుకోవాలన్నట్టు.

మా నాయనమ్మ ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని నమ్మేది. పెళ్లిళ్లలో కెమెరా అటు తిరిగితే ఈవిడ ఇటు తిరిగేది. ఆవిడ పోయాక మేమూ ఒక గుంపు ఫోటోలోంచి తల కత్తిరించి పెద్దది చేయించాం. పక్కావిడ చెవిదిద్దు ఇప్పటికీ నాయనమ్మ భుజం మీద మెరుస్తూ ఉంటుంది. డెల్టాలో ఏ వీధిలోకెళ్లినా ఇలాంటి గోడలు కనపడతాయి. కార్డుల్లోంచి, గుంపుల్లోంచి పెరికిన మొహాలు. ఆ వీధుల్లోనే మాలాంటివాళ్లం మెడలో లక్ష రూపాయల కెమెరా వేసుకుని 'సహజమైన' మొహాల కోసం తిరుగుతుంటాం.

ఫోటో మనవడి ఫోనుకి పంపిస్తానన్నాను. ఫోన్లో ఉండేదాన్ని ఫోటో అనరంది. పెద్ద సైజు, అద్దం, ఫ్రేము. సరేనని రాజోలులో ఒక స్టూడియోకి వెళ్లాను. అక్కడి కుర్రాడు ఫైలు తెరిచి, నా పొలాలూ గట్టూ చూసి, "బ్యాక్‌గ్రౌండ్ ఏం వేయమంటారండి?" అన్నాడు. ఉన్నదే బ్యాక్‌గ్రౌండ్ అన్నాను. వాడు జాలిగా చూశాడు. పెద్దోళ్ల ఫోటోలకి ఎవరూ పొలం ఉంచరండి అన్నాడు. మనవడికి ఫోన్ చేసి ఆవిడకిమ్మన్నాను. తిరుపతి కొండ ఉంది, అంతర్వేది గోపురం ఉంది, స్విట్జర్లాండ్ ఉంది, ఉత్త నీలం తెర ఉంది అని కుర్రాడు అప్పజెప్పాడు. అంతర్వేది వేయించుకుంటుందని అనుకున్నాను, ప్రతి భీష్మ ఏకాదశికీ రథం చూడ్డానికి వెళ్తానని చెప్పింది మరి. "గోపురం ముందు కూర్చుంటే దేవుడికి వీపు పెట్టినట్టుండదూ? నీలం వెయ్యమనండి," అంది.

అలా నా పచ్చటి మళ్లు, కొబ్బరి వరస, దూరంగా ఏరు, అన్నీ నా కళ్ల ముందే నీలంలో మునిగిపోయాయి. నాకు ఆ పొలాలు ఏడాదికి నాలుగు రోజులు. ఆవిడ వాటిలోంచి రోజూ మోపు మోస్తుంది, గోడ మీద కూడా అవే ఎందుకు?

ఒక్క దగ్గర మాత్రం మొండికేశాను. కుర్రాడు అలవాటు కొద్దీ మొహం రెండు ఛాయలు తెలుపు చేశాడు. మళ్లీ మామూలుగా మార్పించాను. మొహం తెల్లంగా కనపడాలని కుర్చీని ఎండలోకి లాగించిన మనిషిని ఆ ముక్క మాత్రం నేను ఫోన్ చేసి అడగలేదు. ఇంత రాసినవాణ్ని, అక్కడ మళ్లీ నేనే తేల్చేశాను.

మోపు ఫోటో సంగతి కూడా చెప్పాలి. హైదరాబాదు వచ్చాక మా గుంపులో పెట్టాను, తెగ మెచ్చుకున్నారు. పెద్దది చేయించి హాల్లో పెట్టుకున్నాను. ఇంటికొచ్చినవాళ్లు "ఎక్కడిదండీ ఇది, కేరళా?" అంటారు. కోనసీమ అంటే, వెళ్లాలండీ ఒకసారి అంటారు. ఎవరని అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు, అడగడానికి అందులో మొహం లేదు కదా. దాన్ని గోడ మీంచి తీసేయాలా అని కొన్నాళ్లు ఆలోచించాను. తీయలేదు. బాగుంటుంది మరి.

ఊరి నుంచి బయల్దేరే రోజు ఫ్రేము పట్టుకెళ్లి ఇచ్చినప్పుడు ఆవిడనే అడిగాను, ఆ మోపుది నేనుంచుకోనా అని. "ఉంచుకోండి, అది నాకెందుకు?" అంది. అద్దం కొంగుతో తుడిచి, వాకిట్లో వెలుతురుకి పట్టుకుని, మనవణ్ని పిలిచి, నా చెవులు ఇంత పెద్దవేంట్రా అని అడిగింది. అప్పటికే గుమ్మం దగ్గర ఇద్దరు ఆడవాళ్లు చేరారు. గోడ మీద భర్త పక్కన మేకు కొట్టడానికి లేదట, పెచ్చులు రాలిపోతున్నాయి. ఫ్రేముని కవర్లో చుట్టి ట్రంకుపెట్టె మీద పెట్టింది.

"మళ్లీ పండక్కి వస్తారాండి?"

వస్తానన్నాను.

"వీళ్లిద్దరూ, మా తోడికోడలూ, ఆ చివరింటావిడా దిగుతారంట. కుర్చీ మాదుంది. పొద్దున్నే రాకండి, పనులుంటాయి. పదింటికి రండి. మబ్బుంటే మటుకు రాకండి."